డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పరదేశ విద్యారంభము

విదేశమునకు పోయి విద్య నభ్యసింపవలెనను కోరిక నేడు మన పైతరగతుల బాలబాలికలలో ననేకులకు గలదు. ఇది మెచ్చదగిన కోరికయే. పెగడపల్లి మొదలుకొని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల చుట్టుపట్ల పల్లెలవారికి దూరదేశ ప్రయాణము వింత గాదు. మగ్గము నమ్ముకొన్నవారు భీవండికిని షోలాపురమునకును పోయిరి. పొలము చాలనివారు దుబాయి, మస్కటు, కువైటు నగరములకు పోయిరి, ఇప్పటికిని పోవుచున్నారు. కుటుంబములో నొకరు పరదేశమున నుండగా ఇంటనున్నవారు దినములు లెక్కించుట యెట్టిదో మన గ్రామములలోని తల్లులకు మేము చెప్పవలసిన పనిలేదు. ఇటీవల కూలికై గాక చదువునకై అమెరికా, ఇంగ్లండు, జర్మనీ, ఆస్ట్రేలియా దేశములకు పోవు యువకులును యువతులును మన ప్రాంతమునుండి బయలుదేరుచున్నారు.

ఇట్లు పోదలచినవారు సాధారణముగ మూడు ప్రశ్న లడుగుదురు. ఏ విశ్వవిద్యాలయమున చోటు దొరకును? ఎంత ధనము కావలెను? పిమ్మట ఎంత యార్జింపవచ్చును? తరగతిలో కాలుపెట్టిన దినము మొదలు ఏమి జరుగునో, స్వదేశమున సంపాదించిన పట్టము అచ్చట చెల్లనిచో ఏమి చేయవలెనో, ఇంట విడిచిపోయినవారికి తాము ఏమి ఋణపడుదురో అడుగువారు తక్కువ. ఈ ప్రశ్నలకు ఉపదేశరూపమున నుత్తరము చెప్పుటకంటె ఒక జీవితమును చూపుట మేలని తలంచి, డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రమును ఈ సంచికయందు వ్రాయుచున్నాము. వారు మరణించి డెబ్బదియైదేండ్లు దాటినది. వారి పేరు పాఠ్యపుస్తకములలో నొక పంక్తిగ మిగిలినది. ఆ పంక్తి వెనుకనున్న మొదటి సంవత్సరపు కష్టమును మన విద్యార్థులు తెలిసికొనవలెను.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, అప్పటి మదరాసు రాజధానిలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యముచే పని మానుకొనవలసినవారైరి. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో నీయన నాలవవాడు. ఇంట లేమి మిక్కుటముగ నుండెను. పదుమూడేండ్ల ప్రాయమున ఈ బాలుడు, కాశీనగరమునకు పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడను కావలెనని యెంచి ఇల్లు విడిచి బయలుదేరెను. తల్లి వెనుకకు రప్పించి, మరల బడికి పంపెను. తండ్రి మరణించిన పిమ్మట ఆమె తన నగలు విక్రయించి కుమారుని చదివించెనని చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసులోని హిందూ ఉన్నత పాఠశాలనుండి గాని ఆయన కృతార్థుడు కాలేదు. పరీక్షలో తప్పిన బాలుని పనికిమాలినవానిగ నెంచు తలిదండ్రులు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెను.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు ముగిసిన పిమ్మట సుబ్బారావుగారికి రామకృష్ణ సంఘమున చేరి సన్న్యసింపవలెనను కోరిక పుట్టెను. తల్లి అంగీకరింపలేదు. సంఘములోని పెద్దలును వైద్యము నేర్చి రోగులకు సేవచేయుట మేలని బోధించిరి. అంతట ఆయన మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. 1919వ సంవత్సరమున అనపర్తి వాస్తవ్యులగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహమయ్యెను. చదువునకు కావలసిన ధనమును మామగారు సమకూర్చిరి.

అది గాంధీమహాత్ముడు విదేశీవస్త్రములను విడువుడని దేశమునకు బోధించుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రవైద్యశాలలో తొడుగుకొను అంగీని సైతము ఖద్దరుతో కుట్టించుకొనిరి. ఇది ఆంగ్లేయుడగు శస్త్రవైద్యాచార్యునకు కోపకారణమయ్యెను. సుబ్బారావుగారు వ్రాతపరీక్షలలో బాగుగ వ్రాసినను, కళాశాల ముగియునప్పటికి వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగ, దానికి దిగువదగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము లభించెను. మదరాసు వైద్యశాఖలో ఉద్యోగమునకు ప్రయత్నించిరి గాని దొరకలేదు. ఈ రెండక్షరముల భేదము తరువాత సముద్రముల కావలకూడ వారిని వెంటాడుటను మున్ముందు చూతము.

ఇంతలో ఇంటిమీద పిడుగువంటి ఆపద పడెను. స్ప్రూ అని ఆంగ్లవైద్యులు చెప్పు గ్రహణిరోగము వారి సోదరులలో నిద్దరిని కొలది దినముల యంతరమున బలిగొనెను. ఈ రోగమున తిన్న యాహారము ఒంటబట్టదు, విరేచనములు కట్టవు, నాలుక పుండువడును, రక్తము క్షీణించి మనుష్యుడు ఎండినకట్టెవలె నగును. ఆనాటి వైద్యశాస్త్రమునకు దీని కారణముగాని మందుగాని తెలియదు. వైద్యము చదివిన సోదరుడుండియు వారిని కాపాడలేకపోయెను. తరువాత సుబ్బారావుగారును ఆ రోగముచేతనే పీడితులై, ఆయుర్వేద వైద్యులగు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన కోలుకొనిరి. పిమ్మట లక్ష్మీపతిగారి యాయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర బోధకులుగ కొంతకాలము పనిచేసిరి. అచ్చట మందుల గుణములను శోధింపవలెనను ఆసక్తి కలిగెను. ఈ దశలో రాక్‌ఫెల్లరు సంస్థవారి ధనసహాయముతో మన దేశమునకు వచ్చియున్న ఒక అమెరికా వైద్యునితో పరిచయమై, అమెరికాకు పోవలెనను సంకల్పము బలపడెను.

పోవుటకు ధనమెక్కడిది? ఒక భాగమును మామగారు సమకూర్చిరి. మరియొక భాగమునకు కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మసంస్థ సహాయము చేయుదునని మాట యిచ్చెను. ఈ సత్యలింగము నాయకరుగారు రంగూనునకు వలసపోయి అచ్చట ధనమార్జించి, దానిని విద్యాదానాది ధర్మకార్యములకు వ్రాసిపోయినవారు. ఒక వలసకాని కష్టార్జితము మరియొక వలసకానికి దారిబత్తెమయ్యెను. మన గ్రామములలో గల్ఫునుండి వచ్చిన ధనముతో చదువుకొను బాలబాలికలు ఈ సంబంధమును సులభముగ గ్రహింపగలరు.

సుబ్బారావుగారు భార్యను అనపర్తిలో విడిచి, కొలదియేండ్లలో తిరిగివత్తునను నమ్మకముతో ఓడయెక్కిరి. ఆనాటి ప్రయాణము వారముల తరబడి సాగునది. వారు బోస్టను నగరమున దిగునప్పటికి అక్టోబరు మాసము ముగియవచ్చుచుండెను. అమెరికాలో విద్యాసంవత్సరము శరదృతువున ఆరంభమగును. కావున హార్వర్డు విశ్వవిద్యాలయమున అదివరకే తరగతులు జరుగుచుండెను; తక్కిన విద్యార్థులు పుస్తకములు కొని, స్థలములేర్పరచుకొని, పాఠములలో ముందుకు సాగియుండిరి. మన దేశపు వేడిమికి అలవడిన దేహము. మంచు ముంచుకొని వచ్చుచున్న ఋతువు. చేత కొద్దిపాటి ధనము. పరదేశపు చదువు వారికి ఇట్లు ఆరంభమయ్యెను.

అది అమెరికాయందు భారతీయులకు అనుకూలమగు కాలము గాదు. 1917వ సంవత్సరపు చట్టము ఆసియాఖండమునందలి పెక్కు దేశముల కూలీలను రానీయకుండ తలుపులు మూసెను. విద్యార్థులకు మాత్రము సందు విడిచెను. 1923వ సంవత్సరము ఫిబ్రవరిలో అచ్చటి అత్యున్నత న్యాయస్థానము భగత్‌సింగు థిండను పంజాబీయుని వ్యవహారమున, భారతీయులు అమెరికా పౌరులగుటకు అర్హులుగారని తీర్పు చెప్పెను. 1946వ సంవత్సరపు చట్టము వచ్చువరకు ఈ స్థితి మారలేదు. చదువుకొనవచ్చును గాని ఆ దేశమున నిలుకడ లేదు. పనిచేయవచ్చును గాని స్వంతమనుకొనుటకు వీలులేదు. సుబ్బారావుగారు తమ పరిశోధనలలో పెక్కింటిని ఈ నీడలోనే చేసిరి.

హార్వర్డులో ఉష్ణదేశవ్యాధుల విద్యాలయమునకు డాక్టరు రిచర్డు స్ట్రాంగుగారు పెద్ద. సుబ్బారావుగారు ఆ విద్యాలయముననే చేరిరి. తమ సోదరులను చంపిన గ్రహణి, మలేరియా, బోదకాలు మొదలగు రోగములను గూర్చి అచ్చట పాఠములు చెప్పుచుండిరి. ఇంతవరకు బాగుగనే యున్నది. అయితే మదరాసునుండి తెచ్చిన యోగ్యతాపత్రము వైద్యుడుగ పనిచేసి జీతము పొందుటకు అచ్చట చాలకపోయెను. బోస్టను ఆసుపత్రులలో చిన్నవైద్యుని పనియైనను దొరకలేదు. అద్దెకును అన్నమునకును ధనము కావలెను. అంతట సుబ్బారావుగారు విద్యాలయమునకు చేరువనున్న పీటరు బెంటు బ్రిగ్హము ఆసుపత్రిలో రాత్రివేళ పనివాడుగ కుదురుకొనిరి. రోగుల మలమూత్రపాత్రలను ఎత్తి కడుగుట వారి పని.

ఈ పని యెట్టిదో మన విద్యార్థులు నిలిచి యోచింపవలెను. అట్టి పనులను కొన్ని కులములవారి నెత్తిన మోపి, ఆ పనిచేసిన చేతులను అంటరానివనిన సమాజమునుండి ఆయన వచ్చిరి. పైగా ఆయన చదువుకొన్న వైద్యుడు. స్వదేశములో కళాశాలయందు బోధకుడు. పగలు తరగతిలో కూర్చుండి, రాత్రి అదే వీధిలోని ఆసుపత్రిలో పాత్రలు కడిగి, మరునాడు మరల తరగతికి వచ్చుటలో మానహాని గలదని ఆయన తలంపలేదు. ఈ విధముగ 1924వ సంవత్సరమున ఉష్ణదేశవ్యాధుల శాస్త్రమునందు డిప్లొమా పొందిరి. మొదటి విద్యాసంవత్సరము ఇట్లు ముగిసెను.

నేడు పోవు విద్యార్థులకు ఇచ్చట నొక మాట చెప్పుట యవసరము. కష్టపడి పనిచేయుట వేరు, చట్టము మీరుట వేరు. నేటి అమెరికా నిబంధనల ప్రకారము విద్యార్థిగ వచ్చినవారు తరగతులు జరుగు కాలమున వారమునకు 20 గంటలకు మించక, సాధారణముగ తమ విశ్వవిద్యాలయ ప్రాంగణమునందే, పనిచేయవలెను. దీనిని దాటి రహస్యముగ పనిచేసినవారు చదువును గూడ పోగొట్టుకొందురు. కావున ఇంటనుండి కదలుటకు ముందే ఖర్చుల లెక్క సరిగ వేసికొనవలెను.

డిప్లొమా వచ్చిన పిమ్మట సుబ్బారావుగారు హార్వర్డు వైద్యవిద్యాలయములోని జీవరసాయన శాఖలో సైరసు ఫిస్కె యను ఆచార్యునికడ చేరిరి. రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత గలదో కొలుచుట ఆనాడు మిక్కిలి శ్రమతో గూడిన పని. వీరిరువురును సులభమగు మార్గమును కనిపెట్టిరి. శోధింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటును చేర్చి, పిదప మరియొక ద్రవ్యముచే మార్పు కలిగించినచో నీలివర్ణము పుట్టును. భాస్వరము ఎక్కువైన కొలది నీలిమ చిక్కనగును. ఆ రంగును కొలిచి భాస్వరపు పరిమాణమును చెప్పవచ్చును. 1925వ సంవత్సరమున ప్రకటింపబడిన ఈ పద్ధతికి ఫిస్కె-సుబ్బారావు పద్ధతియని పేరు వచ్చెను. తరువాత అనేక దశాబ్దములపాటు ప్రపంచములోని జీవరసాయన విద్యార్థులందరును దానిని నేర్చుకొనిరి. రాత్రి పాత్రలు కడిగిన విద్యార్థి పేరు ఒకటి రెండేండ్లలో విజ్ఞానశాస్త్రమున నిలిచిపోయెను.

ఈ కొలత చేతికి వచ్చుటతో వారు కండరముల పనిని శోధింప నారంభించిరి. మనము చేయి ఎత్తుటకు, నడచుటకు, రాయి మోయుటకు బలము ఎక్కడనుండి వచ్చును? కండరములో పుట్టు లాక్టికామ్లమే యిందులకు మూలమని ఆనాటి పెద్దల యభిప్రాయము. ఈ శాఖలో కృషిచేసిన హిల్లు, మేయరుహోఫు అను శాస్త్రజ్ఞులకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించియుండెను. అయినను ఫిస్కె, సుబ్బారావుగారలు పిల్లుల కండరములను శోధించి, 1927లో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును కనుగొనిరి. కండరము పనిచేయునప్పుడు అది విచ్ఛిన్నమగును. విశ్రాంతివేళ మరల కూడుకొనును. 1929లో ఎ.టి.పి. యను సంక్షిప్తనామముతో నేడు ప్రతి జీవశాస్త్ర విద్యార్థికిని తెలిసిన పదార్థమును ప్రకటించిరి. అదే యేట జర్మనీలో కార్లు లోమను వేరుగ దానిని కనుగొనెను. సమస్త జీవకణములయందును శక్తి యీ పదార్థముద్వారానే చేతులు మారును. మన పదవతరగతివారు ఈ మూడక్షరములను వల్లించునప్పుడు భీమవరపు బాలుని స్మరింతురుగాక.

1930వ సంవత్సరమున సుబ్బారావుగారికి హార్వర్డు విశ్వవిద్యాలయము పి.హెచ్.డి. పట్టమిచ్చెను. ఆ పట్టము వచ్చినను స్థిరమగు ఆచార్యపదవి మాత్రము రాలేదు. 1940వరకు వారు అచ్చట చిన్న యుద్యోగములోనే యుండిరి. చదువు ముగియగనే ఐశ్వర్యము వచ్చి వాకిట నిలుచునని తలంచువారు ఈ పదియేండ్లను లెక్కలో వేసికొనవలెను.

ఈలోపల అనపర్తిలో ఏమి జరిగెను? ఈ భాగమును వ్రాయకుండ విడిచినచో మా వ్రాత అసత్యమగును. సుబ్బారావుగారు దేశము విడిచిన పిమ్మట శేషగిరిగారికి కుమారుడు జన్మించెను. ఆ శిశువు సంవత్సరమైనను నిండకముందే మరణించెను. తండ్రి ఆ బిడ్డను కన్నులార చూడలేదు. శేషగిరిగారు భర్త రాకకై యెదురుచూచుచుండిరి. ఒక పరిశోధన ముగియగనే మరియొకటి మొదలయ్యెను. కొలదియేండ్లనుకొన్న ప్రవాసము దాదాపు 25 ఏండ్లయ్యెను. ఆమె మరల భర్తను చూడలేదు. సుబ్బారావుగారు మనస్సునందు ఎంత బాధపడిరో మేము చెప్పజాలము. కాని ఆయన చదువునకు మూల్యమును చెల్లించినది ఆయన యొక్కడే గాదు. మామగారి ధనమునకు లెక్క గలదు. ధర్మసంస్థ సహాయమునకు లెక్క గలదు. శేషగిరిగారు ఇచ్చిన యేండ్లకు లెక్క వ్రాసినవారు లేరు. గొప్పవారి చరిత్రములలో ఇట్టి స్త్రీల పేళ్లు ఒక పంక్తిలో ముగియుచున్నవి. మన ప్రాంతములోని గృహములలో ఈ పంక్తికి అర్థము తెలియనివారు అరుదు.

1940వ సంవత్సరమున సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రమున పెరలురివరు అను చోటనున్న లెడరెలీ పరిశోధనశాలలో చేరి, త్వరలోనే పరిశోధనల కన్నిటికిని అధిపతులైరి. అప్పటినుండి ఎనిమిదేండ్లలో జరిగిన పని యాశ్చర్యకరమైనది. అందులో మొదటిది వారి యింటికథతో ముడిపడియున్నది. రక్తహీనతను పోగొట్టు పదార్థ మొకటి కార్జమునందు గలదని వైద్యులు ఎరుగుదురు. 1931లో లూసీ విల్సు అను ఆంగ్లవైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనతను శోధించి, ఈస్టులో నట్టి గుణము గలదని చూపెను. 1941లో అమెరికాలోని టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అణుమాత్రము తీసి, ఆకునుండి వచ్చినది గావున దానికి ఫోలికామ్లమని పేరుపెట్టిరి. ఇంత దుర్లభమైనది రోగులకు మందుగ నెట్లు పనికివచ్చును? సుబ్బారావుగారి పర్యవేక్షణమున లెడరెలీలోని శాస్త్రజ్ఞులు దాని నిర్మాణమును తెలిసికొని, 1945 నాటికి దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగిరి. ఆ పనిని ప్రకటించిన వ్యాసముపై 16 మంది పేళ్లు గలవు. అధిపతియగు సుబ్బారావుగారి పేరు వారి నడుమ నొకటిగ నున్నది.

ఈ మందు గ్రహణిరోగమున రక్తహీనతను పోగొట్టి, రోగికి ఆకలిని బలమును కలిగించునని త్వరలోనే తేలెను. సోదరుల మరణమునకు ఇరువది యేండ్లు దాటిన పిమ్మట సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి ఆ రోగమునకు మందు వచ్చెను. నేడు గర్భిణీస్త్రీలకు మన ఆరోగ్యకేంద్రములలో ఇచ్చు ఇనుపమాత్రలో ఇనుముతో కూడియున్న రెండవ పదార్థము ఈ ఫోలికామ్లమే. పుట్టబోవు శిశువు వెన్నెముక దోషములు లేకుండ ఎదుగుటకు అది తోడ్పడునని తరువాతి పరిశోధనలు చూపినవి.

ఫోలికామ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములను గూడ లెడరెలీవారు తయారుచేసిరి. బోస్టనులోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు 1947 చివర వానిలో నొకటియగు అమినోప్టెరినును రక్తకర్కటవ్యాధితో మరణావస్థలో నున్న పిల్లలకు ఇచ్చిచూచెను. 1948 జూనులో ఆయన ప్రకటించిన వ్యాసము ప్రకారము 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించెను. ఆ గుణము కొలదికాలమే నిలిచెను. అయినను మందుచేత ఈ వ్యాధిని వెనుకకు నెట్టవచ్చునని లోకము తెలిసికొనెను. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఈ పిల్లల ఆసుపత్రి, సుబ్బారావుగారు రాత్రివేళ పాత్రలు కడిగిన ఆసుపత్రికి ప్రక్కనే గలదు.

ఇక మన ప్రాంతమునకు మిక్కిలి చేరువయగు సంగతి. బోదకాలు వ్యాధి పూర్వపు కరీంనగరు జిల్లాకు పాతకాపు. దోమకాటుచే నెత్తురులో చేరిన క్రిములు పెరిగి, శరీరమున నీరు పారు సన్ననాళములలో కాపురముండి, వానిని చెరచును. కాలు ఏనుగుకాలువలె ఉబ్బును. పురుషులకు బుడ్డ దిగును. క్రిముల పిల్లలు రాత్రివేళనే నెత్తురులో విశేషముగ సంచరించును గావున ఆరోగ్యశాఖవారు రాత్రిపూట ఇండ్లకు వచ్చి నెత్తురుచుక్క తీసికొనుటను మన పెద్దలు చూచినవారే. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫికు ద్వీపములలో అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకెను. మందు వెదకు పనిని సుబ్బారావుగారి పరిశోధనశాల చేపట్టెను. ఈ జాతి క్రిములను సహజముగ మోయు పత్తిచేల యెలుకలపై అనేక పదార్థములను పరీక్షించి, 1947లో డైఈథైల్ కార్బమజీను అను మందును ప్రకటించిరి. దానికి హెట్రజానని వ్యాపారనామము.

ఆ పేరు మనకు కొత్తగ దోచవచ్చును. డి.ఇ.సి. మాత్రయనినచో తెలియనివారుండరు. 2004వ సంవత్సరమునుండి దేశమునందు బోదకాలు గల జిల్లాలలో ఊరంతటికి ఒకేమారు మ్రింగించిన మాత్ర అదియే. రెండేండ్లు మొదలు అయిదేండ్లవరకు ఒకటి, ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు రెండు, ఆపైవారికి మూడు. రెండేండ్లు నిండని శిశువులకును గర్భిణులకును తీవ్రరోగులకును లేదు. పెగడపల్లివంటి గ్రామమున ఇంటియరుగుపై నిలిచి ఆ మాత్రను మ్రింగిన బాలుడు, అది ఒక తెలుగువాడు పరదేశమున విద్యార్థిగ మొదలిడిన పనియొక్క ఫలమని యెరుగడు. మాత్రను మ్రింగకుండ చెంగున కట్టుకొని పారవేయువారును గలరు. ఇది మందుచేసినవానికి గాదు, మన గ్రామమునకే నష్టము; ఏలయన ఒకరి నెత్తురులోని క్రిమి దోమద్వారా పదిమందికి చేరును.

విశ్వవిద్యాలయమున పనిచేసి విశ్రాంతి తీసికొన్న బెంజమిను డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుని, డెబ్బదియేండ్లు దాటినవాడని యెంచక, సుబ్బారావుగారు తమ పరిశోధనశాలలో నియమించిరి. ఆ వృద్ధుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసినును తీసెను. టెట్రసైక్లినులను మందులజాతికి అది మొదటిది. 1948 వేసవిలో దానిని లోకమునకు తెలిపిరి. పిమ్మట కొలది దినములకే, ఆ సంవత్సరము ఆగస్టు మాసమున, సుబ్బారావుగారు నిద్రయందే ప్రాణములు విడిచిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. స్వదేశము స్వతంత్రమై ఒక సంవత్సరము కావచ్చుచుండెను. దానిని చూచుటకు వారు తిరిగిరాలేదు. 1995లో వారి శతజయంతి సంవత్సరమున భారతప్రభుత్వము వారి ప్రతిమతో తపాలబిళ్లను ప్రకటించెను.

ఈ చరిత్రమునుండి మన విద్యార్థులు గ్రహింపవలసినది గొప్ప బుద్ధిని గూర్చిగాదు. బుద్ధి యెవరికెంత గలదో ముందుగ నెవరు చెప్పగలరు? మూడవమారు గాని మెట్రిక్యులేషను దాటని బాలుడు ఇంతవాడగునని ఆనాడెవరును చెప్పియుండరు. గ్రహింపవలసినది మొదటి సంవత్సరమును గూర్చి. పరదేశమున చదువు, చోటు దొరికినట్లు జాబు వచ్చిన దినమున మొదలుగాదు; విమానము దిగిన దినమునను మొదలుగాదు. స్వదేశమున మనకున్న పేరు, పట్టము, కులము, ఇంటి పలుకుబడి ఏవియు అచ్చట చెల్లవని తెలిసిన దినమున మొదలగును. ఆ దినమున సిగ్గుపడి వెనుదిరిగినవారు గలరు. గర్వముచే అప్పులపాలైనవారు గలరు. దొరికిన న్యాయమైన పనిని చేయుచు, ఏ ప్రశ్నకు సమాధానము వెదకికొనుచు వచ్చితిమో దానిని విడువనివారు గలరు. సుబ్బారావుగారు ఈ మూడవ తెగవారు. వారు తమతో తీసికొనిపోయినది చెల్లని యోగ్యతాపత్రమును, చెల్లని దుఃఖమును గాదు. సోదరుల మంచముకడ పుట్టిన ఒక ప్రశ్నను. ఆ ప్రశ్నయే వారిని నిలిపెను.

తలిదండ్రులకు మేము విన్నవించునది మరియొకటి. పిల్లలను పంపుటకు ముందు, ఎట్టి చదువునకు పంపుచున్నారో, తనఖాపెట్టిన పొలమెంతో, తిరిగి చూచుట ఎప్పుడో, ఇంటనున్న భార్యకో తల్లికో ఆదరువెవరో కూర్చుండి మాటలాడుకొనవలెను. కొడుకులవలెనే కుమార్తెలకును ఈ యవకాశముండవలెను. పోయినవారు వారమున కొకమారైనను ఇంటివారితో మాటలాడవలెను. అందులకు సుబ్బారావుగారి నాడు ఓడతపాలకై నెలలు కాచుకొనవలసివచ్చెను, నేడు నిమిషము చాలును. ఇంతటి సౌకర్యముండియు మాటలాడనిచో తప్పు దూరముదిగాదు.

బాలబాలికలారా, మీలో ఒకరిద్దరు రాబోవు ఆగస్టు మాసములలో ఏదో యొక మంచుదేశమున, తెలియని ముఖముల నడుమ మొదటి తరగతిలో కూర్చుందురు. అప్పుడు మీకు మన యూరి చెరువుగట్టు జ్ఞప్తికి వచ్చును, కన్నీరును రావచ్చును. అది తప్పుగాదు. ఆ రాత్రి చేయవలసిన పనిని చేసి, మరునాటి పాఠమునకు వేళకు పోవుడు. మన గ్రామమున ఏ రోగము, ఏ లేమి, ఏ అన్యాయము మీ మనస్సును నొప్పించెనో దానిని మరువకుడు. దానికి మందు వెదకుటకే మిమ్ము పంపినవారు తమ చెమటను, నగలను, ఏండ్లను మీ చేత పెట్టియున్నారు.